ఖాళీ చోట మిషన్ రాసిన మాట

నాకు అనుమానం ఎక్కువ. సిగ్గుపడి చెప్తలేను, గొప్పకూ చెప్తలేను, ఉన్న మాట. పాలాయన పోసిన పాలల్ల వేలు ముంచి చూడనిదే గిన్నె లోపలికి తీసుకపోను. లాల్‌దర్వాజాల మేం కిరాయికున్న ఇంట్ల మాకూ ఇంటామెకూ కలిపి ఒక్కటే కరెంటు మీటరు. ఆమె ఫ్రిజ్ కొన్నంక ఆ మీటరు దిక్కు ఓ చూపు చూడకుంట నేను గడప దాటలే. మా అమ్మ తల కొట్టుకునేది. "నువ్వు పోలీసోళ్ళింట్ల పుట్టాల్సినదానివే, తప్పిపోయి నా కడుపున పడ్డవ్" అనేది. అంటే అననీ. నా అనుమానంతోని నాకు నష్టమైంది తక్కువే.

గట్లాంటి నేను కూడ ఒక్కదాన్ని మాత్రం కండ్లు మూసుకోని నమ్మిన. అది మనిషి కాదు, కంప్యూటర్ల ఉండే ఒక ప్రోగ్రాం. దాని పేరు పార్సర్. దాని మాట పట్టుకోని ఒక మంచి మనిషిని ఊరంత అబద్ధాలకోరు అన్నది. కొన్నిరోజులు నేను కూడ అట్లనే అనుకున్న.

రెండువేల ఒకటో రెండో, సరిగ్గ యాదికి లేదు. డిగ్రీ అయిపోయింది. ఇంటికాడ ఊకె కూసుంటె నా పెండ్లి మాటలు షురూ అయితయని భయపడి కంప్యూటర్ కోర్సు చేసిన. చేసి మా గల్లీ మొగనే ఉన్న సెంటర్ల చేరిన. కింద స్టీలు సామాన్ల దుకాణం, మీద మా రెండు రూములు. కింద గిన్నెల మోత, మీద కీబోర్డుల మోత. కరెంటు పోతే రెండూ ఒక్కసారి బందయ్యేటివి. గప్పుడు మేం కిటికీల నిలబడి గల్లీల ఎవరు ఎవరితోని మాట్లాడుతున్నరో చూసేటోళ్ళం. నాకైతే అది మస్తు ఇష్టమైన పని.

సెంటర్ సార్ కోస్తా దిక్కు మనిషి. సర్కారు ఆఫీసుల చేసుకుంటనే కంప్యూటర్లు నేర్చుకోని, నౌకరీ ఇడిచిపెట్టి ఈ సెంటర్ పెట్టిండు. సైదాబాద్‌ల ఇల్లు, పొద్దుగాల స్కూటర్ మీద వచ్చేటోడు. గట్టిగ ఒక్క మాట అనకపోయేది ఎవరినీ. "ఏమ్మా, టిఫిన్ చేశావా?" అని అడగకుంట పని చెప్పకపోయేది. మర్యాదంటే ఆయన తరువాతనే ఎవరన్నా. ఆ మర్యాదనే ముంచింది మమ్మల్ని, అది తరువాత చెప్త.

ముందు మేం వేరే దేశపోళ్ళ పుస్తకాలు టైపు చేసేటోళ్ళం. ఆ పని తగ్గినంక సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. పాత బస్తీల పెండ్లి సంబంధాలు వెతుక్కునేటోళ్ళు ఎంతమంది లేరు! అందరి వివరాలు కంప్యూటర్ల పెడదాం, ఇంటోళ్ళు వచ్చి తెరమీద చూసుకుంటరు, నచ్చితే కలుస్తరు. హిందువులైనా సరే, ముసల్మాన్లైనా సరే. మస్తు మంది వచ్చిన్రు. అమ్మలు, మేనత్తలు, బుర్ఖాలల్ల ఖాలాలు, అందరు సార్ రూముల కుర్చీలేసుకోని తెరమీద పిల్లలను చూసి లొట్టలేసేటోళ్ళు. వాళ్ళు చూసే చూపులు చూసి నాకు ఒళ్ళు మండేది. చీరెల దుకాణంల కూడ గంత నలిపి చూడరు.

ఆ వివరాలు మేం ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిల కొట్టేటోళ్ళం. అది పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక్కో ముక్కకు ముందొక గుర్తు, ఎనకొక గుర్తు. చదువు రాయాలంటే "చదువు షురూ" అని గుర్తు పెట్టాలె, బీకామ్ అని రాయాలె, "చదువు అయిపోయింది" అని గుర్తు పెట్టాలె. ఎత్తు, వయసు, పని, అన్నీ గట్లనే. ఏ గుర్తు తరువాత ఏది రావాలె, ఏ చోట ఏ మాట రాయొచ్చు, ఏది రాయొద్దు అనే కానూను వేరే ఒక ఫైల్ల ఉంటది. దాన్ని డీటీడీ అంటరు. అది సార్ సొంతంగ రాసిండు. రాసి, ప్రింటు తీసి, గోడకు ఎంకన్నసామి పటం పక్కకు పిన్నులు గుచ్చి పెట్టిండు. పొద్దుగాల ఊదుబత్తి పొగ రెంటికీ తగిలేది.

పార్సర్ పని ఏందంటే, మేం కొట్టిన ఫైలును ఆ కానూను పక్కకు పెట్టుకోని చదువుడు. తప్పుంటే నల్లటి తెరమీద ఫలానా లైన్ల తప్పు అని చూపెడుతది. అంతా మంచిగుంటె ఏమీ అనదు. ఊకుంటది. "తప్పున్న ఫైల్ మన గడప దాటకూడదమ్మా" అనేటోడు సార్. గందుకు మాకు ఒక అలవాటు పడ్డది. కొట్టు, చూడు, పార్సర్ తిడితే తిట్టిన ముక్క తీసెయ్, మల్ల చూడు. ఊకుంటె పాస్. ఆ ముక్క ఎందుకు తిట్టిందని అడిగే పెత్తనం మాకు లేకుండె, నిజం చెప్పాలంటె తీరికా లేకుండె. మనుషులందరినీ అనుమానించే నేను, పార్సర్ ఊకున్నదంటె చాలు, ఇగ ఫికర్ లేదనుకునేదాన్ని.

నా పక్క కుర్చీల ఆపా కూసునేది. నాకంటె నాలుగైదేండ్లు పెద్ద, గందుకే ఆపా, అంటె అక్క అని పిలిచేదాన్ని. ఆమెది శాలిబండ దిక్కు. ఆమె అమ్మ ముషాతా, అంటె ఇండ్లిండ్లు తిరిగి సంబంధాలు కుదిర్చే ఆమె. మేమందరం ఆమెను ఖాలా, అంటె చిన్నమ్మ అనేటోళ్ళం. ఖాలా కాయితం ముట్టదు, కలం పట్టదు. పాత బస్తీల ఏ ఇంట్ల ఏ పిల్ల ఉన్నదో, ఏ పిల్లగాని మేనమామకు షుగరున్నదో, అంతా నోటికే ఉంటది. కాళ్ళు నొప్పిపెట్టినప్పుడు మా సెంటర్‌కు వచ్చి కూసునేది. కంప్యూటర్ దిక్కు చూసి, "యే డబ్బా మేరా రోజీ ఖాతా" అని, నా బువ్వ తింటున్నదీ డబ్బా అని నవ్వేది. సార్ లోపటికెళ్ళి చాయ్ పంపేటోడు.

ఆపాకు చిన్నప్పుడే నిఖా అయింది. ఏడాది తిరగకముందే ఆ మనిషితోని ఏగలేక ఆమెనే ఖులా తీసుకున్నది. ఖులా అంటె ఆడమనిషి అడిగి తీసుకునే విడాకులు. అది ఆపా ఎన్నడూ దాచలే. చేరిన తెల్లారే నాకు చెప్పింది, నేను అడగకముందే. "పెండ్లయింది, పోయింది, పీడ పోయింది" అన్నది, టిఫిన్ డబ్బా మూత తీసుకుంట. నేను నమ్మలే. ఇంత సులువుగ చెప్తున్నదంటె ఇంకేదో ఉన్నదనుకున్న. అది నా బుద్ధి.

ఊర్లె అందరికి సంబంధాలు చూసే ఖాలా సొంత బిడ్డకు మాత్రం చూడొద్దు. అది ఆ పనిల ఉన్న కట్టు. ముషాతా తన బిడ్డ గురించి తాను నోరు తెరిస్తె ఎవరూ నమ్మరు, సొంత సరుకు పొగుడుకుంటున్నదంటరు. వేరే ముషాతాల చేతుల పెడదామంటె వాళ్ళకూ ఈమెకూ పడదు. గందుకనే ఆపా ఒకరోజు తన వివరాలు తానే కొట్టుకోని ఫైల్ల పెట్టింది. ఖాలా చూసి, "డబ్బా నా బువ్వ తిన్నది, నా బిడ్డకన్న ఇంత బువ్వ పెడుతదేమో చూద్దాం" అన్నది.

పెట్టింది కూడ. జహనుమాల ఉండే ఒకామె సార్ రూముల తెరమీద ఆపాను చూసి పసంద్ చేసింది. ఆమె కొడుక్కి ఫలక్‌నుమా దిక్కు టైర్ల దుకాణం. వాళ్ళు ఆపా ఇంటికి వచ్చినప్పుడు నేను కూడ పోయిన, ఖీర్ గిన్నెలు అందిచ్చేతందుకు. కొడుకు తల వంచుకోని కూసున్నడు. అమ్మనే మాట్లాడింది. "మా వానిది ఒకటి అయింది, కలవలే, తలాఖ్ అయింది. మేం ఏదీ దాచిపెట్టేటోళ్ళం కాము జీ" అన్నది గట్టిగ. ఖాలా తల ఊపింది. లోపట ఆపా నా చెయ్యి పట్టుకోని, "సరిపోయింది, ఇద్దరం దెబ్బలు తిన్నోళ్ళమే, ఒకల్ని ఒకలు అర్థం చేసుకుంటం" అన్నది. ఆమె మొకంల ఆ ఎలుగు నేను అంతకుముందు చూడలే. నోరు తీపి చేసుకున్నరు, పోయిన్రు.

వారం తిరగకముందే లొల్లి. జహనుమాల ఎవరో చెప్పిన్రట, ఆ పిల్లకు ఇంతకుముందే ఒక పెండ్లయింది గదా అని. ఆమె ఊగిపోయింది. సెంటర్‌కు ఫోన్ చేసి సార్‌ను ఆగమాగం చేసింది. "మీ కంప్యూటర్ల పెండ్లి కాలేదని రాసి ఉన్నది. నా కండ్లతోని చూసిన. ధోకా చేసిన్రు. ముషాతా తన బిడ్డ పెండ్లి దాచి మాకు అంటగట్టబోయింది." అంతటితోని ఆగలే. ఖాలా తిరిగే ఇండ్లన్నిట్లకు ఆ మాట పాకింది. సొంత బిడ్డ సంగతి దాచినామె పరాయి బిడ్డల సంగతి ఎంత దాచదు? ఖాలాను చూసి తలుపులు ఏసుకునుడు షురూ అయింది. ఆపా సంబంధం పోతే పోయింది. ఆమె అబద్ధం చెప్పింది అనే మాట పోకపోతే తల్లీబిడ్డలిద్దరు ఆ గల్లీలల్ల తల ఎత్తలేరు.

నా అనుమానం నిద్ర లేచింది.

మొదలు సార్ మీద పడ్డ. సెంటర్‌కు మంచి పేరు రావాలని ఆయనే మార్చిండేమో అనుకున్న. మనిషి మెత్తగ ఉంటె నాకు ఇంకా ఎక్కువ అనుమానం. తరువాత ఖాలా మీద పడ్డ. ముషాతాలు వయసు రెండు మూడేండ్లు తగ్గిచ్చుడు, ఎత్తు కొంచెం పెంచుడు మామూలే గదా, బిడ్డకోసం ఒక పెండ్లి తగ్గిచ్చుడు ఎంతసేపు? కాని ఖాలాకు మౌస్ పట్టుకునుడు కూడ రాదు. ఇగ మిగిలింది ఎవరు? ఆపానే. ఆపా తానే కొట్టుకున్నది. కొట్టినప్పుడు ఎవరినీ పక్కకు రానియ్యలే. చెప్తె నాకైతె చెప్పింది గాని, తెరమీదికొచ్చేసరికి మనసు మారిందేమో! ఆశ ఎవరికి చెడ్డది?

ఒకరోజు ఆగలేక అడిగేసిన. "ఆపా, ఆ చోట నువ్వు ఏం రాసినవ్?"

ఆమె నా దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు. నువ్వు కూడనా అన్నట్టు.

"డైవోర్స్ అనే రాసిన" అన్నది. "పార్సర్ తప్పన్నది. తలాఖ్ అని రాసిన, తప్పన్నది. ఖులా అని రాసిన, తప్పన్నది. ఇగ తీసేసిన. ఊకున్నది. మనం చేసేదే గదా. ఖాళీ ఉంటది, ఖాళీ చూస్తె అడుగుతరు, అడిగితే చెప్దామనుకున్న. వాళ్ళు అడగలే. అందరికి తెలిసిందే గదా, వీళ్ళకు కూడ తెలిసే ఉంటది, మర్యాదకు అడుగుతలేరనుకున్న."

"మరి తెరమీద పెండ్లి కాలేదని ఎవరు రాసిన్రు?"

"ఖుదా జానే, ఆ దేవునికే తెల్వాలె" అన్నది. "నేనైతె రాయలే."

ఆమె అబద్ధం చెప్తలేదని నాకు ఆ నిమిషమే అనిపిచ్చింది. కాని నాకు అనిపిస్తె సరిపోదు, నాకు కనపడాలె. సార్ బయటికి పోయిన టైం చూసి ఆపా ఫైలును నోట్‌ప్యాడ్ల తెరిచిన. చదువు ఉన్నది, ఎత్తు ఉన్నది, వంట వస్తది అని ఉన్నది. పెండ్లి సంగతి చెప్పే ముక్కనే లేదు. మొత్తం వెతికిన, ఆ మాట ఎక్కడా లేదు. అదే ఫైలును సార్ రూముల పెద్ద తెరమీద తెరిచిన. ఫోటో కింద సక్కగ, నిండుగ, "అవివాహిత".

ఫైల్ల లేదు, తెరమీద ఉన్నది. అమ్మో, నిజంగనే దయ్యమా ఏంది అనుకున్న. మల్ల మూసిన, మల్ల తెరిచిన. మల్ల అదే మాట.

ఇగ పట్టు పట్టిన. ప్రతి ఫైలు తలకాయ మీద ఒక లైను ఉంటది, కానూను ఫలానా చోట ఉన్నది, చూసుకో అని పార్సర్‌కు చెప్పే లైను. ఆ లైను తీసేసి తెరిచిన. ఫోటో కింద ఖాళీ! లైను పెట్టిన. "అవివాహిత". తీసిన, ఖాళీ. పెట్టిన, "అవివాహిత". దొంగ దొరికిండు. మాట ఆపా ఫైల్ల లేదు, గోడకు గుచ్చిన ఆ కాయితంల ఉన్నది.

కుర్చీ ఎక్కి ఆ ప్రింటును దగ్గర్నుంచి చదివిన. రోజూ చూసే కాయితమే. పెండ్లి సంగతి చెప్పే చోట రెండే మాటలకు ఇజాజత్ ఉన్నది. పెండ్లి కాలేదు అనేది ఒకటి, మొగుడో పెండ్లామో చనిపోయిన్రు అనేది ఇంకొకటి. మూడో మాట లేదు. ఆ రెండు మాటల పక్కకు, కోట్స్ నడుమ, మొదటి మాటనే ఇంకోసారి రాసి ఉన్నది. దాని అర్థం అప్పుడు తెలిసింది. ఎవరన్న ఆ చోట ఏమీ రాయకపోతె, పార్సర్ తానే ఆ మాట రాసుకుంటది. ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు అని సార్ మాకు నేర్పిండు. పెట్టకపోతె ఏమైతదో నేర్పలే. ఆపా నిజం చెప్పబోతె నోరు మూయిచ్చి, ఊకుంటె ఆమె పేరు మీద అబద్ధం చెప్పింది ఆ కానూను.

సార్ మెట్లెక్కంగనే పట్టుకున్న. "సార్, విడాకులు తీసుకున్నోళ్ళ కోసం మాట ఎందుకు పెట్టలే మీరు?"

ఆయన చెప్పులు కూడ ఇడవలే. "అలాంటి మాట మన దగ్గర ఎందుకమ్మా? ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తారు, పిల్లలుంటారు. బావుండదని పెట్టలేదు" అన్నడు.

"మరి ఖాళీ పెడితె పెండ్లి కాలేదని ఎందుకు రాయమన్నరు?"

"ఎక్కువమంది అదే కదా. మీకు టైపింగ్ తగ్గుతుందని..." అన్నడు. ఆ మాట మధ్యల ఆగిపోయిండు. ఆయనకు అప్పుడు సమజైంది. "అయ్యో, ఆ అమ్మాయి రాసిందేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ" అన్నడు. నాకు మండిపోయింది. ఈయనా అనుకున్నడు, నేనూ అనుకున్న, గల్లీ అంతా అనుకున్నది. అనుకోనిది ఆ డబ్బా ఒక్కటే. అన్నీ చేసి ఊకున్నది.

ఇగ అయిపోయింది, అందరికి చెప్పేద్దాం, నమ్ముతరు అనుకున్న. ఎంత పిచ్చిదాన్ని! ఖాలా జహనుమాకు పోయి చెప్పింది, కంప్యూటర్ తానే రాసుకున్నదట అని. ఆ ఇంటామె చప్పట్లు కొట్టి నవ్విందట. "వాహ్, కంప్యూటర్ తానే రాసుకున్నదట! రేపు తానే నిఖా కూడ చదివిస్తదేమో." ఖాలా ఎండల నడుచుకుంట వచ్చి మా కిటికీ కాడ కూసోని, మోకాళ్ళు ఒత్తుకుంట ఆ మాట మాకు చెప్పింది. నవ్వుకుంటనే చెప్పింది. కాని ఆ దినం చాయ్ తాగలే. నిజం ఉన్నదున్నట్టు చెప్తె గింత పెద్ద అబద్ధం లెక్క ఇనపడుతదని నాకు తెల్వదు. నేనే వేరేటోళ్ళ నోట ఇంటె నమ్ముతుంటినా? అస్సలు నమ్మకపోదును.

తరువాత కొన్నిరోజులకు ఆ జహనుమా ఆమెనే మెట్లెక్కి వచ్చింది, కొడుకును ఎంటబెట్టుకోని. ధోకా చేసే చోట మా వాని వివరాలు ఉండొద్దు, నా ముంగటనే తీసెయ్యాలె అన్నది. ఆపా తన కుర్చీలనే ఉన్నది. లేవలే. కీబోర్డు మీద చేతులు పెట్టుకోని తెర దిక్కే చూస్తున్నది. ఖాలా కిటికీ కాడ. సార్ వాళ్ళకు కుర్చీలేసి, "తీసేద్దామండీ, తప్పకుండా" అని నన్ను రమ్మన్నడు.

పెద్ద తెరమీద కొడుకు వివరాలు తెరిచిన. తీసెయ్యబోతుంటె కండ్లు ఫోటో కిందికి పోయినయి.

"అవివాహితుడు".

మొగోని ఫైలని తెర కొంచెం మార్చి చూపెట్టింది గాని, మాట అదే. ఈ ఫైలు మా సెంటర్ల ఎవరు కొట్టిన్రో తెల్వదు. ఎవరు కొట్టినా చేసేది అదే గదా. తలాఖ్ అని రాసి ఉంటరు, పార్సర్ తిట్టి ఉంటది, తీసేసి ఉంటరు. నా నోరు ఊకుంటదా?

"అమ్మీ, మీ వానికి ముందు పెండ్లి కాలేదా?" అని అడిగిన, ఏమీ ఎరగనట్టు.

"అయింది, తలాఖ్ అయింది. ఎన్నిసార్లు చెప్పాలె? మేం దాచేటోళ్ళం కాము."

"మరి గిక్కడ పెండ్లి కాలేదని ఉన్నది."

ఆమె అద్దాలు సర్దుకోని ముంగటికి ఒంగింది. కొడుకు కూడ ఒంగిండు. ఇద్దరు చదివిన్రు. కింద ఎవరో గిన్నె పడేసిన్రు.

"అరే" అన్నది ఆమె, చెయ్యి ఊపుకుంట. "అది మషీన్ తప్పు జీ. మా వాడు గట్ల రాసేటోడు కాదు."

ఆ మాట ఆమె ఎంత సులువుగ అన్నదో! మేమందరం ఎంత సులువుగ నమ్మినమో! సార్ "అవునండీ, మిషన్ తప్పే" అన్నడు కూడ, నోరు జారి.

కొడుకు నెమ్మదిగ తల తిప్పి ఆపా దిక్కు చూసిండు. "అమ్మీ, వాళ్ళది కూడ మషీన్ తప్పే అయ్యుంటది" అన్నడు. ఆయన గొంతు ఇనుడు నాకు అదే మొదటిసారి.

"ఉన్‌కా అలగ్ హై" అన్నది వాళ్ళమ్మ. వాళ్ళది వేరే.

అప్పుడు లేచింది ఆపా. దుపట్టా సర్దుకోని సార్ రూం తలుపు కాడికి వచ్చి నిలబడ్డది. గొంతు పెంచలే. "ఏం వేరే, అమ్మీ? అదే మషీన్, అదే చోటు, అదే మాట. మీరు ఒక్కసారి అన్నరు, ఇంతమంది నమ్మిన్రు. నేను ఇన్నిరోజుల్నుంచి అంటున్న."

ఆమె కుర్చీల నుంచి లేచింది. పర్సు చంకల పెట్టుకోని, "చలో" అన్నది కొడుకుతోని. కొడుకు కదలలే. "పెద్దోళ్ళను తీసుకోని మల్ల వస్తం, మాట్లాడుదాం" అన్నడు, నేల దిక్కు చూసుకుంట. మంచోడే పాపం. నాకు లోపల ఆశ పుట్టింది, ఆపా హౌ, సరే అంటె బాగుండు అని.

"నక్కో, వద్దు" అన్నది ఆపా. "మీరు మంచోళ్ళే. కాని ఆ ఇంట్ల రోజుకో తప్పు జరుగుతది. మీది మషీన్ చేస్తది, నాది నేను చేస్త. నాతోని కాదు భాయ్."

వాళ్ళు మెట్లు దిగిపోయిన్రు. నాకు ఏడుపు ఒకదిక్కు, చప్పట్లు కొట్టాలని ఒకదిక్కు. ఆపాకు మాత్రం కంట్ల చుక్క లేదు. ఆ లొల్లి షురూ అయిన నాటి నుంచి ఆమె ఏడ్వంగ నేను చూడలే. అదొక అనుమానం నాకు, లోపల ఏం దాచుకున్నదా అని.

సార్ గోడకాడికి పోయి పిన్నులు పీకి ఆ ప్రింటు తీసిండు. మలిచి డ్రాయర్ల పెట్టిండు. కంప్యూటర్ ముంగట కూసోని కానూను ఫైలు తెరిచి, ఆ రెండు మాటల పక్కకు వచ్చి ఆగిండు. వేళ్ళు కదలలే. "ఏ మాట పెట్టనమ్మా?" అని అడిగిండు, ఎనకకు తిరగకుంట. ఆయనకు ఆ మాట కొట్టుడు కూడ చాతకాలే. ఆపా ఆయనను లేపి కూసోని, విడాకులు అనే మూడో మాట తానే కొట్టింది. ఖాళీ పెడితె పార్సర్ తానే రాసుకునే ఆ మాటను చెరిపేసింది. దాని చోట, ఇక్కడ ఏదో ఒకటి రాయకపోతె ఫైలు పాస్ కాదు అని రాసింది. ఇగ ఎవరి మాట వాళ్ళే చెప్పాలె.

అందరి ఫైళ్ళను మల్ల పార్సర్ కాడికి పంపిన. తప్పులు, తప్పులు, తప్పులు. నల్ల తెర నిండి కిందికి ఉరుకుతనే ఉన్నది. అప్పటిదాక పాస్ అయిన వాళ్ళు సగానికి ఎక్కువ మంది ఊకున్నోళ్ళే. వాళ్ళల్ల ఎంతమందికి నిజంగ పెండ్లి కాలేదో, ఎంతమంది చెప్పబోతె మేం తీసేసినమో ఎవరికి తెలుసు? అందరికి ఫోన్ చేసి అడగాలె. సార్ నెత్తి పట్టుకోని కూసున్నడు.

ఆపా మొదలు తన ఫైలు తెరిచింది. పెండ్లి సంగతి చెప్పే చోట ఆ మాట కొట్టింది. పార్సర్‌ను నడిపింది.

నేను పక్కకు నిలబడి చూస్తున్న. నల్ల తెర మీద ఏమీ రాలే. ఒక్క అక్షరం రాలే.

ఆపా ఆ ఖాళీ తెరను చూసుకుంట చూసుకుంట, రెండు చేతులల్ల మొకం పెట్టుకోని ఏడ్వవట్టింది. భుజాలు కదిలేటట్టు, ఎక్కి ఎక్కి. నేను ఆమె ఈపు మీద చెయ్యి ఏసిన.

కిటికీ కాడ్నుంచి ఖాలా మోకాళ్ళు పట్టుకోని లేచి వచ్చింది. తెర దిక్కు చూసింది, బిడ్డ దిక్కు చూసింది.

"ఏమన్నది డబ్బా?" అని నన్ను అడిగింది.

"ఏం అనలే ఖాలా."

"ఏం అనకపోతె ఎందుకేడుస్తున్నవే, పగ్లీ?" అని బిడ్డ తలను తన కడుపుకు అదుముకున్నది.